తొమ్మిదో ఎక్కమూ, నీలం చీటీ



ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం అక్కర్లేదు, నోటిలెక్కే. పాత రేడియో డయల్‌ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జ్. విజయవాడ 837. విశాఖపట్నం 927. కడప 900. పొద్దున్నే కాఫీ గ్లాసుతోపాటు చెవిన పడి పడి మనకు కంఠతా వచ్చేసిన అంకెలు. వీటిని తొమ్మిదితో భాగించండి. 82, 93, 103, 100. దేనికీ శేషం రాదు. పోనీ ఢిల్లీ తీసుకోండి. 819, అంటే తొమ్మిది తొంభై ఒకట్లు. సరిహద్దు దాటి లాహోరు వెళ్దాం. 630. తొమ్మిది డెబ్బైలు.

భారతదేశమూ పాకిస్తానూ కలిసి ఒప్పుకున్న సంగతులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మరి ఈ తొమ్మిదో ఎక్కం దగ్గర వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టిందెవరు?

1975లో జెనీవాలో ఒక సమావేశం జరిగింది. పిలిచింది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, పొట్టిగా ఐటీయూ. ఆసియా, ఆఫ్రికా, యూరప్ స్టేషన్లు మీడియం వేవ్ మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ రాత్రయితే చాలు ఈలలు వేసేవి, కీచుమనేవి. తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఎవరి చోటు వాళ్ళకు పంచారు. 1978 నవంబరు 23న ఆ పంపకం అమల్లోకి వచ్చింది. చాలా స్టేషన్ల ఇంజనీర్లు తమ ట్రాన్స్‌మిటర్లను కాస్త ఇటో అటో జరిపారు. ఎవరూ తుపాకీ పట్టుకుని వాళ్ళ వెనక నిలబడలేదు. జరపనంటే ఏమవుతుంది? పక్కవాడి పాట నా వార్తల్లోకి వస్తుంది, నా వార్తలు పక్కవాడి పాటలోకి పోతాయి. అంతకు మించి శిక్ష లేదు. ఆ శిక్షే సరిపోయింది.

ఈ పూట నాకిచ్చిన విషయం ప్రపంచ వ్యవహారాల్లో అంతర్జాతీయ సంస్థల పాత్ర, వాటి ప్రయోజనం. ఈ మాట వినగానే మనకు కళ్ళముందు కదిలేది న్యూయార్కులో గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ బల్ల. భద్రతా మండలి. పదిహేనుమంది సభ్యులు, అందులో ఐదుగురికి వీటో. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడిని తప్పుపట్టే తీర్మానం అక్కడికొచ్చింది. రష్యా వద్దంది, తీర్మానం పడిపోయింది. ఆ నెల అధ్యక్ష స్థానంలో కూర్చున్నదీ రష్యానే. కంచే చేను మేయడమంటే ఇంతకంటే ఏముంటుంది? ఆ తర్వాత గాజాలో కాల్పులు ఆపమనే తీర్మానాలు పలుమార్లు వచ్చాయి. అమెరికా చెయ్యెత్తింది, అవీ పోయాయి. టీవీలో ఇది చూసినవాళ్ళు "ఇవేం సంస్థలండీ, దండగ" అంటే నేను కాదనను. ఆ బల్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి నేను రాలేదు.

కానీ ఒక ఇల్లు ఎలా నడుస్తోందో చావిట్లో కూర్చుని కేకలు వేసుకునే పెద్దమనుషుల్ని చూసి చెప్పలేం. వంటింట్లోకి తొంగి చూడాలి. పొయ్యి వెలుగుతోందా, బిందెల్లో నీళ్ళున్నాయా అన్నది అక్కడ తెలుస్తుంది. ఆ వంటిళ్ళలో ఒకటి స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఉంది. పేరు విశ్వ తపాలా సంఘం. 192 దేశాలు సభ్యులు. పనిచేసేవాళ్ళు రెండు మూడు వందల మంది. సైన్యం లేదు, పోలీసు లేడు. నూట యాభై ఏళ్ళు దాటినా ఇంకా టపా కట్టలేదు. మన భాషలో టపా కట్టడమంటే వేరే అర్థం ఉంది కాబట్టి నవ్వుకోండి, తప్పులేదు.

ఈ సంఘం పుట్టకముందు సంగతి వింటే మనకు విచిత్రంగా ఉంటుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉత్తరం వెళ్ళాలంటే మధ్యలో ఎన్ని దేశాలుంటే అన్ని ఒప్పందాలు. ప్రతి దేశానికీ దాని వాటా. తూకాలు వేరు, నాణేలు వేరు, ధరలు వేరు. 1860ల చివర్లో అమెరికాలో కూర్చుని ఆస్ట్రేలియాకు అర ఔన్సు ఉత్తరం పంపాలంటే, అది ఏ ఓడలో ఏ దారిన పోతుందన్నదాన్ని బట్టి 5 సెంట్ల నుంచి డాలరు పైచిలుకు దాకా అయ్యేది. ఉత్తరం ఒకటే, రాసిన సంగతీ అదే. పోస్టాఫీసు గుమాస్తా ముందు పద్దుల పుస్తకం తెరిచి, ఇందులో ఫ్రాన్సుకెంత, బెల్జియానికెంత, ఓడవాడికెంత అని పెళ్ళిలో చదివింపులు రాసినట్టు రాసుకుంటూ కూర్చునేవాడు. ఆ పుస్తకాలు సరిచూసుకోవడానికి మళ్ళీ గుమాస్తాలు.

హైన్రిఖ్ ఫాన్ స్టెఫాన్ అని జర్మనీ తపాలా శాఖకు పెద్ద. ఈ గందరగోళం తీరాలంటే దేశాలన్నీ ఒకచోట కూర్చోవాలని 1868లోనే పథకం రాశాడు. ఇంతలో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చి అది మూలపడింది. చివరికి 1874 సెప్టెంబరులో బెర్న్‌లో సమావేశమై, అక్టోబరు 9న 22 దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు అక్టోబరు 9ని ప్రపంచ తపాలా దినోత్సవం అంటున్నది అందుకే.

ఆ ఒప్పందంలో నాకు ముచ్చట గొలిపేది ఒక కిటుకు. పద్దుల పుస్తకాన్ని మూసేశారు. నీ దేశంలో అమ్మిన తపాలా బిళ్ళ డబ్బు నువ్వే ఉంచుకో, నా దేశంలో అమ్మింది నేనుంచుకుంటాను. నువ్వు పంపిన ఉత్తరాన్ని నేను ఊరికే పంచిపెడతాను, నేను పంపింది నువ్వు ఊరికే పంచిపెట్టు. ఇది ధర్మబుద్ధితో పుట్టిన ఆలోచన అనుకునేరు, కాదు. ఒక ఉత్తరం వెళ్తే ఒక జవాబు వస్తుంది, కాబట్టి చివరికి లెక్క ఇంచుమించు సరిపోతుంది అని వేసిన అంచనా. సరిపోయేదాన్ని పైసలతో సహా లెక్కపెట్టడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టడం ఎందుకు? శ్రావణమాసంలో వాయనాలిచ్చుకునే ఆడవాళ్ళు పద్దు రాసుకుంటారా? ఈ శుక్రవారం మీ ఇంట్లో, వచ్చే శుక్రవారం మా ఇంట్లో. యూరప్ మంత్రులు ఎంతో తర్జనభర్జన పడి చేరింది మన ముత్తైదువల పద్ధతికే.

ఇంకొక మాట కూడా రాసుకున్నారు. సభ్యదేశాలన్నీ తపాలా వరకు ఒకే భూభాగం. దారిలో ఉన్న దేశం ఉత్తరాన్ని ఆపకూడదు. పాస్‌పోర్టుల మీద, సుంకాల మీద, సరిహద్దు రాళ్ళ మీద కొట్టుకునే దేశాలు ఒక కవరు కోసం సరిహద్దుల్ని చెరిపేసుకున్నాయి. ఇప్పుడు మనకిది మామూలే అనిపిస్తుంది. ఆ రోజుల్లో అంత మాట కాగితం మీద పెట్టడం చిన్న సంగతి కాదు.

మన దేశం ఇందులో 1876 జులై 1న చేరింది. స్వాతంత్ర్యానికి 71 ఏళ్ళ ముందే ఒక ప్రపంచ సంఘంలో మన పేరిట కుర్చీ ఉందన్నమాట. ఛాతీ పొంగించే ముందు ఇంకో సంగతి. ఆ కుర్చీలో కూర్చున్నది తెల్లదొరల సర్కారు మనిషే. వలస దేశాలకు విడిగా ఓటు ఇవ్వడమంటే సామ్రాజ్యాలకు అదనంగా ఓట్లు ఇవ్వడమే. అంతర్జాతీయ సంస్థ అనగానే అందరూ సమానం అనుకునే అలవాటు మానుకోవాలి. వీటిలో చాలావాటిని బలవంతులే కట్టుకున్నారు, తమకు అనుకూలంగానే కట్టుకున్నారు. బలంలేనివాళ్ళకు అందులో దొరికింది ఒకటే. అదేమిటంటే, ఒకసారి నియమం రాశాక అది బలవంతుడికి కూడా కొంత అడ్డం వస్తుంది.

ఇప్పుడు మా ఇంటి పెట్టెలోంచి ఒక కవరు తీస్తాను. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. అంచుల చుట్టూ ఎరుపు నీలం గీతలు. ఒక మూల నీలం చీటీ. దానిమీద రోమన్ లిపిలో రెండు మాటలు, "పార్ ఏవియాన్". చిన్నప్పుడు నేను దాన్ని ఎవరో మనిషి పేరనుకున్నాను. దుబాయి నుంచి వచ్చినా, అమెరికా నుంచి వచ్చినా, సింగపూరు నుంచి వచ్చినా ఈ పార్ ఏవియాన్ గారు సంతకం పెడుతున్నాడేమిటా అని. అది ఫ్రెంచి, విమానం ద్వారా అని అర్థం. విశ్వ తపాలా సంఘానికి అధికార భాష ఫ్రెంచి కావడంతో ఆ రెండు మాటలు ప్రపంచంలో ఏ మూల పోస్టుమాస్టరుకైనా తెలిసే తీరాలి. అక్షరం ముక్క ఫ్రెంచి రాని మా ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు గారు ఆ చీటీ చూడగానే కవరు విడిగా పెట్టేవారు. ఒక ప్రపంచ సంస్థ పనిచేస్తోందనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కవరు మీద బిళ్ళను కూడా చూడండి. మన బిళ్ళ మీద ఏ తెలుగు కవి బొమ్మ ఉన్నా సరే, రోమన్ అక్షరాల్లో ఇండియా అని ఉంటుంది. విదేశానికి వెళ్ళే బిళ్ళ మీద దేశం పేరు ఆ లిపిలో ఉండాలన్నది సంఘం పెట్టిన నియమం. దీనికి ఒక్క దేశానికే మినహాయింపు, బ్రిటన్. 1840లో బిళ్ళను మొదట అచ్చేసింది వాళ్ళు కాబట్టి, పేరుకు బదులు రాజుగారి తలకాయ ఉంటే చాలు. పెద్దరికం ఎక్కడ ఎలా మిగులుతుందో చూశారా!

ఇందాక రేడియోతో మొదలుపెట్టాం కదా. ఆ రేడియో పిచ్చి వల్లే నాకు ఈ సంఘంతో నేరుగా పని పడింది. కాలేజీ రోజుల్లో షార్ట్‌వేవ్ తిప్పుతూ దూరదేశాల స్టేషన్లు పట్టుకోవడం నాకు వ్యసనం. ఫలానా తేదీన ఫలానా వేళ మీ ప్రసారం ఇలా వినబడింది అని రాసి పంపితే, నిజమేనని ఒక బొమ్మ కార్డు పంపేవారు. క్యూఎస్ఎల్ కార్డు అంటారు దాన్ని. మాస్కో రేడియో లాంటి పెద్దవాళ్ళు కార్డుతోపాటు క్యాలెండరు కూడా పంపేవారు. చిన్న స్టేషన్లకు అంత స్తోమత ఉండదు, జవాబుకు ఖర్చు మీరే పెట్టుకోండి అనేవారు. ఎలా? వాళ్ళ దేశపు బిళ్ళ ఇక్కడ దొరకదు. మన బిళ్ళ అక్కడ చెల్లదు. కవరులో నోటు పెడితే చేరుతుందన్న నమ్మకం లేదు.

దానికోసం 1906లో రోమ్ సమావేశంలో కనిపెట్టిన కాగితం ఒకటి ఉండేది. అంతర్జాతీయ జవాబు కూపన్. ఇక్కడ కొని కవరులో పెడితే, అక్కడివాళ్ళు తమ పోస్టాఫీసులో ఇచ్చి, విదేశానికి ఒక ఉత్తరం పంపడానికి సరిపడా బిళ్ళలు పుచ్చుకునేవారు. మా ఊళ్ళో వెళ్ళి అడిగితే పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు పైకి తోసి, "కూపనా? రేషను కూపను తెలుసు గానీ ఇదెక్కడిది బాబూ? పెద్దాఫీసులో అడిగి చూడు" అన్నారు. బస్సెక్కి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన బీరువా తెరిచి, అట్టల మధ్య నుంచి ఒక్కటే కూపన్ తీసి, దానిమీద ముద్ర జాగ్రత్తగా వేసి, "దేనికోయ్ ఇది?" అని అడిగాడు. చెప్పాను. నమ్మినట్టు లేదు. నాలుగు నెలలకు కార్డు వచ్చింది. నా జేబులోంచి వెళ్ళిన రూపాయలు ఎక్కడో సముద్రాల అవతల ఆ దేశపు బిళ్ళలుగా మారి తిరిగొచ్చాయి. మధ్యలో ఏ బ్యాంకూ లేదు, నా సంతకం అడిగినవాడు లేడు.

ఇంత ముచ్చటైన కాగితం మీద కూడా దొంగ కన్ను పడింది. 1919లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ అనే ఆయనకు స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో ఈ కూపన్ కనబడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ దేశాల డబ్బు విలువ పడిపోయింది, కూపన్ ధర మాత్రం ఒప్పందంలో రాసినట్టే ఉండిపోయింది. అక్కడ చవగ్గా కొని అమెరికాలో బిళ్ళలుగా మార్చుకుంటే లాభమే కదా అని జనానికి చెప్పాడు. 45 రోజుల్లో సగానికి సగం వడ్డీ, 90 రోజుల్లో రెట్టింపు అన్నాడు. జనం క్యూ కట్టారు. నిజానికి ఆయన కొన్న కూపన్లు నామమాత్రం. వెనకొచ్చినవాడి డబ్బు తీసి ముందొచ్చినవాడికి ఇస్తూ పోయాడు. ఆయన తీసుకున్న సొమ్ముకు సరిపడాలంటే దాదాపు 16 కోట్ల కూపన్లు కావాలి, చెలామణిలో ఉన్నవేమో సుమారు 27 వేలేనని ఓ పత్రిక లెక్కగట్టి చెప్పేసరికి గుట్టు రట్టయింది. 1920 ఆగస్టులో అరెస్టు. గొలుసుకట్టు మోసాలకు ఇప్పటికీ ఆయన పేరే. మన జిల్లాల్లో చీటీల పేరుతో మునిగినవాళ్ళకు ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ మోసానికి తపాలా సంఘాన్ని తప్పుపట్టలేం గానీ, ఒకటి మాత్రం గమనించాలి. కాగితం మీద రాసుకున్న ధర అలాగే నిలబడి ఉంటే, బయట లోకం మారిపోతూ ఉంటుంది. ఆ సందులోంచి ఎవడో ఒకడు దూరతాడు.

సరిగ్గా అలాంటి సందే ఇంకోటి తర్వాత పెద్దదైంది. వాయనాల లెక్క చెప్పాను కదా. ఉత్తరానికి ఉత్తరం వచ్చినంత కాలం బాగానే ఉంది. కానీ కొన్ని దేశాలు బస్తాలకొద్దీ పత్రికలు, పుస్తకాలు పంపుతున్నాయి, తిరిగొచ్చేది కొంచెమే. ఒకరు రోజూ వాయనం ఇస్తూ, ఇంకొకరు రోజూ పుచ్చుకుంటూ ఉంటే ఎన్నాళ్ళు నవ్వుతారు? 1969లో టోక్యో సమావేశంలో మూసిన పుస్తకం మళ్ళీ తెరిచారు. ఎక్కువ పంపినవాడు, పంచిపెట్టినవాడికి బట్వాడా ఖర్చు కొంత ఇచ్చుకోవాలన్నారు. పోనుపోను బీద దేశాలకు ఈ రేట్లలో వెసులుబాటు ఇచ్చారు. అప్పటికి న్యాయమే.

తర్వాత ఇంటర్నెట్టు వచ్చింది. ఉత్తరాలు తగ్గాయి, పొట్లాలు పెరిగాయి. చైనా నుంచి ఒక ఫోను కవరు అమెరికాలో ఇంటి గుమ్మానికి చేరడానికయ్యే తపాలా ఖర్చు, అమెరికాలోనే పక్క రాష్ట్రం నుంచి పంపినదానికంటే తక్కువైపోయింది. అక్కడి చిన్న వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 2018 అక్టోబరులో ట్రంప్ ప్రభుత్వం, ఏడాదిలోగా రేట్లు మార్చకపోతే సంఘంలోంచి బయటకు పోతాం అని నోటీసు ఇచ్చింది. 1874 నుంచి ఉన్న సభ్యుడు, అందులోనూ అందరికంటే ఎక్కువ పొట్లాలు దిగే ఇల్లు.

2019 సెప్టెంబరు 24 నుంచి 26 వరకు జెనీవాలో ప్రత్యేక సమావేశం. అలాంటిది సంఘం చరిత్రలో మూడోది మాత్రమే. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు. ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాలు తమ రేట్లు తామే ప్రకటించుకోవచ్చు, మిగతావాళ్ళు విడతలవారీగా అటు రావచ్చు అని రాజీ కుదిరింది. అమెరికా ఉండిపోయింది. బెదిరింపుకు లొంగారని అన్నవాళ్ళున్నారు, నిజమే, లొంగారు. కానీ నోటీసు ఇచ్చినవాడు కూడా బయటికి పోయి ఏం చేయాలో చూసుకున్నాడు. 191 దేశాలతో విడివిడిగా ఒప్పందాలు రాసుకోవాలి. అంటే 1868 నాటి గుమాస్తా, ఆ పద్దుల పుస్తకం మళ్ళీ బల్లమీదకు వస్తాయి. ఆ బరువే అతన్ని ఆపింది.

ఈ సంస్థలకు బలం ఎక్కడుంది అని అడిగితే నేను చూపించేది అక్కడే. మంచితనంలో కాదు, ప్రతిజ్ఞల్లో కాదు. బయట ఉండటం లోపల ఉండటంకంటే ఎక్కువ ఖర్చయ్యేలా కట్టుకున్న సంస్థ బతుకుతుంది. భద్రతా మండలిలో వీటో ఉన్న దేశానికి, ఇతరుల మాట వినకపోతే వెంటనే చేతికి తగిలే నష్టం ఏమీ లేదు. తపాలాలోనూ రేడియోలోనూ అయితే మర్నాడే తెలుస్తుంది.

అలాగని దీన్ని సర్వరోగ నివారిణి చేయొద్దు. 2025లో ఏమైందో చూడండి. 800 డాలర్లలోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎవరికి కట్టాలి అన్నది తేలకముందే గడువు వచ్చేసింది. ఆ ఒక్కరోజునే అమెరికా వైపు వెళ్ళే తపాలా, వారం ముందుతో పోలిస్తే 81 శాతం పడిపోయిందని తపాలా సంఘం చెప్పింది. 88 తపాలా సంస్థలు పూర్తిగానో కొంతగానో పంపడం ఆపేశాయి. మన తపాలా శాఖా ఆపింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకు కందిపొడీ, ఒడియాలూ పోస్టులో పంపే తల్లులు కౌంటరు దగ్గరి నుంచి సంచీతో వెనక్కి వచ్చారు. దసరా వెళ్ళిపోయింది. అక్టోబరు 15న మళ్ళీ తెరిచారు, దీపావళి ముంగిట. సుంకాన్ని పంపేవాడి దగ్గరే ముందుగా కట్టించుకునే ఏర్పాట్లు వచ్చాకే దారి మళ్ళీ తెరుచుకుంది. సుంకం వేయొద్దని అమెరికాకు బెర్న్ చెప్పలేదు. చెప్పినా వినేవాడు లేడు. వేసిన సుంకం కింద పైపు పగిలిపోకుండా అతుకు వేయడం మాత్రం దానికి చేతనవుతుంది. ఆ అతుకు పడేలోపు ఏడు వారాలు నీళ్ళు రాలేదు.

మన పక్కింటి సంగతీ అంతే. 2019 ఆగస్టులో పాకిస్తాన్ మనతో తపాలా ఆపేసింది. ఇది ప్రపంచ తపాలా నియమాలకు విరుద్ధమని మన మంత్రి అన్నారు. మూడు నెలలకు ఉత్తరాల వరకు మళ్ళీ మొదలయ్యాయి. 2025 మేలో పాకిస్తాన్ నుంచి వచ్చే తపాలాను ఆపింది మనం. తప్పొప్పుల జోలికి నేను పోను. నియమం ఎక్కడ ఆగిపోతుందో చెబుతున్నానంతే. చిత్రమేమిటంటే, తపాలా ఆపాలంటే ఎలా ఆపాలి, ఎవరికి తెలియజేయాలి అన్నది కూడా ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. కోపాలు వస్తాయని ముందే తెలిసినవాళ్ళు రాసిన కాగితం అది.

ఇక 1990 సంగతి చెప్పి ముగిస్తాను.

మాది కోనసీమ. ఇంటికొకరు గల్ఫులో ఉండే ఊళ్ళు మావి. మా పక్కింటి బాబాయి కువైట్‌లో డ్రైవరు. పిన్నికి చదువు రాదు. బాబాయి ఉత్తరం వస్తే మా అరుగు మీద కూర్చుని నాచేత చదివించుకునేది. మొదట ఒకసారి మామూలుగా, తర్వాత ఇంకోసారి మెల్లగా. జవాబు నేనే రాసేవాణ్ణి. కింద అడ్రసులో పోస్టు డబ్బా నంబరు, దాని పక్కన సఫాత్, కువైట్. అది ఊరి పేరో పేట పేరో మా ఇద్దరికీ తెలియదు గానీ ఆమె ఆ మాటను మంత్రంలా పలికేది.

ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. న్యూయార్కులో ఆ గుర్రపునాడా బల్ల ఈసారి నిద్రపోలేదు. అదేరోజు ఖండించింది, నాలుగు రోజుల్లో ఆంక్షలు పెట్టింది. చెప్పుకోవాలంటే మండలి గట్టిగా పనిచేసిన సందర్భాల్లో అదొకటి. ఆ గట్టిదనం మనవాళ్ళకు ఎలా తగిలిందో కూడా చెప్పాలి. అక్కడ చిక్కుకుపోయిన లక్షా డెబ్బై వేల మంది భారతీయుల కోసం ఆహారం పంపాలంటే ఆంక్షల కమిటీ గడప ఎక్కాల్సి వచ్చింది. అనుమతి దొరికాకే 'విశ్వసిద్ధి' ఓడ తిండిగింజలతో బయల్దేరింది. మన మనుషులకు మన బియ్యం పంపడానికి ఎవరినో అడగాలా అని అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, అడగడానికి ఒక గడపంటూ ఉండటం కూడా తక్కువేం కాదనిపిస్తుంది. రెండు అభిప్రాయాలూ నాలో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ గొడవలో కువైట్ తపాలా ఆగిపోయింది. పోస్టుమ్యాన్ మా వీధిలోకి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడేది. ఆయన సైకిలు దిగకుండానే తల అడ్డంగా ఊపేవాడు. కొన్నాళ్ళకు ఆమెకు ఎదురుపడటం ఇష్టం లేక వీధి మార్చి వెళ్ళడం మొదలెట్టాడు. సాయంత్రం ఏడు గంటలకు వార్తల వేళకు మా రేడియో చుట్టూ పదిమంది చేరేవారు. ఎవరూ మాట్లాడేవారు కాదు.

కువైట్ నుంచి బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరినవాళ్ళను అక్కడి నుంచి మన విమానాలు బొంబాయి తీసుకొచ్చాయి. 488 విమానాల్లో లక్షా పది వేల పైచిలుకు మంది. సెప్టెంబరు నెలాఖరులో ఒక మధ్యాహ్నం బాబాయి ఓ చేతిసంచీతో మా వీధి మొదట్లో బస్సు దిగాడు. గడ్డం మాసి, సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. ఇంట్లో ఏడుపులయ్యాయి, అన్నాలయ్యాయి, ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది.

ఆ తర్వాత పన్నెండు రోజులకు పోస్టుమ్యాన్ మా వీధిలోకి బెల్లు కొట్టుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక కవరు, మూల మీద నీలం చీటీ, జోర్డాను రాజుగారి బొమ్మ ఉన్న బిళ్ళ. అమ్మాన్‌లో విమానం కోసం కాచుకున్న రోజుల్లో బాబాయి రాసి పోస్టు చేసిందది. మనిషి వచ్చేశాక వచ్చింది. రాసినాయన ఎదురుగా మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "ఇటివ్వు, నేనే చెబుతాను, ఏం రాశానో నాకు తెలీదా?" అని చెయ్యి చాపాడు. పిన్ని ఆ కవరు ఆయనకివ్వలేదు. గోడ దాటించి నా చేతికిచ్చి, అరుగు మీద తన చోట్లో తను కూర్చుంది.

"చదువు నాన్నా," అంది. "మెల్లగా చదువు."